తగాదాలు, తీర్పరులు (9): సరిహద్దు దాటిన పొగ

1903 అక్టోబరు 20న లండన్‌లో అలాస్కా సరిహద్దు తీర్పు వెలువడినప్పుడు ఇద్దరు కెనడా సభ్యులు దాని మీద సంతకం పెట్టబోమన్నారని గత భాగంలో చెప్పుకున్నాం. ఆ ట్రిబ్యునల్‌లో ఉన్నది ఆరుగురు. ముగ్గురు అమెరికన్లు, ఇద్దరు కెనడియన్లు, ఆరోవాడు ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి లార్డ్ ఆల్వర్‌స్టోన్. ఆయన అమెరికా వైపు మొగ్గాడు, లెక్క నాలుగుకు రెండుగా తేలింది. తన తగాదాను తన తరఫున ఇంకొకరు నడిపితే ఏమవుతుందో కెనడా ఆ రోజు తెలుసుకుంది. ఆ చేదు చాలాకాలం పోలేదు.

పాతికేళ్ళు తిరిగేసరికి అదే రెండు దేశాలు మళ్ళీ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఈసారి ఫిర్యాదు అమెరికాది, జవాబు చెప్పుకోవలసింది కెనడా. తగాదా భూమి మీద కాదు, గాలి మీద. ఆ తగాదాలో 1938లో ఒకటి, 1941లో ఒకటి వచ్చిన తీర్పులను పర్యావరణ న్యాయం చదివే విద్యార్థులు ఇవాళ్టికీ మొదటి పాఠంగా చదువుతారు. ఆర్బిట్రేషన్ అంటే ఏమిటో కొత్తగా తెలుసుకోదలచినవారికి కూడా నేను ఇదే కేసు చూపిస్తాను. ఇద్దరూ ఒప్పుకోవడం, తీర్పరులను ఎంచుకోవడం, ఏ ప్రశ్న అడగాలో రాసుకోవడం, ఏ చట్టం ప్రకారం తేల్చాలో ముందే చెప్పడం, వచ్చిన తీర్పుకు కట్టుబడడం: ఆర్బిట్రేషన్‌లో ఉండే ఈ దశలన్నీ ఇందులో విడివిడిగా, పైకి కనబడేలా జరిగాయి.

బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం దక్షిణపు అంచున, కొలంబియా నది ఒడ్డున ట్రైల్ అనే చిన్న పట్టణం ఉంది. గీత గీసి కొలిస్తే అమెరికా సరిహద్దు అక్కడికి ఏడు మైళ్ళు. పక్కనే ఉన్న రాస్‌లాండ్ కొండల్లో బంగారం, రాగి ఖనిజం దొరకడంతో 1896లో ఫ్రిట్జ్ ఆగస్టస్ హైంజ్ అనే అమెరికన్ ఖనిజ వ్యాపారి ఇక్కడ కొలిమి పెట్టాడు. రెండేళ్ళకే కెనడియన్ పసిఫిక్ రైల్వే దాన్ని కొనేసింది. 1906లో కన్సాలిడేటెడ్ మైనింగ్ అండ్ స్మెల్టింగ్ కంపెనీ ఏర్పడింది, తర్వాతి కాలంలో కామిన్కోగా పేరు మోసింది అదే. కింబర్లీ దగ్గరి సల్లివన్ గని నుంచి సీసం, జింకు ఖనిజం రావడం మొదలయ్యాక ట్రైల్ కొలిమి ప్రపంచంలోనే పెద్ద కొలిముల్లో ఒకటైంది.

ఆ ఖనిజంలో లోహంతో పాటు గంధకం ఉంటుంది. కొలిమిలో కాల్చినప్పుడు గంధకం సల్ఫర్ డయాక్సైడ్ వాయువై పొగగొట్టం గుండా పైకి పోతుంది. 1925లో ఒకటి, 1927లో ఒకటి, 409 అడుగుల ఎత్తున రెండు పొగగొట్టాలు కట్టారు. ఎత్తు పెరిగితే పొగ పలచబడి గాలిలో కలిసిపోతుందని నమ్మకం. ఆ నమ్మకం తారుమారైంది. ఉత్పత్తి పెరిగి, 1920ల చివరికి రోజుకు 300 టన్నులకు పైగా గంధకం గాలిలోకి పోయేది. కొలంబియా లోయ చూస్తే ఇరుకు. రెండు వైపులా కొండలు, మధ్యలో దక్షిణంగా పారే నది. పొగ పక్కలకు విరజిమ్మే దారి లేక నది వెంబడే దక్షిణానికి నడిచి, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ కౌంటీలోకి దిగేది.

అక్కడ నార్త్‌పోర్ట్ అనే ఊరి చుట్టూ అల్ఫాల్ఫా గడ్డి, ధాన్యం, పండ్లతోటలు వేసుకున్న చిన్న రైతులున్నారు. గొప్ప నేలలు కావు. నీటి ఎద్దడి ఉండేది, వలస వెళ్ళిపోయిన కుటుంబాలూ ఉండేవి. అల్ఫాల్ఫా ఆకు మీద ఈనెల మధ్య తెల్లటి మచ్చలు పడి ఎండిపోయేవి. కొండల మీద పైన్, డగ్లస్ ఫర్ చెట్ల సూదులు ఎర్రబారి రాలిపోయేవి. మొక్కల్లో అల్ఫాల్ఫా, చెట్లలో పైన్ ఈ వాయువుకు త్వరగా లొంగేవి. అందుకే తర్వాత పదేళ్ళ పాటు రెండు దేశాల శాస్త్రవేత్తలు ఈ రెంటినే పట్టుకుని వాదించుకున్నారు.

కంపెనీ మొదట బుకాయించలేదు. నష్టం జరుగుతున్నదని ఒప్పుకుని, కొందరు రైతులకు డబ్బు కూడా ఇచ్చింది. కెనడా వైపు అంతకుముందే రైతులకు పరిహారం కట్టి, భూములు కొని తగాదా చల్లార్చుకున్న అనుభవం దానికుంది. అదే మందు ఇక్కడ పనిచేయలేదు. విదేశీయులు భూమి కొనరాదని వాషింగ్టన్ రాష్ట్ర రాజ్యాంగంలో నిషేధం ఉంది. కొనలేనప్పుడు ఒక్కో రైతుతో విడిగా బేరమాడుకోవాలి. 1928లో రైతులు పౌర రక్షణ సంఘం పెట్టుకుని, ఎవరూ విడిగా రాజీపడకూడదని కట్టుబాటు చేసుకున్నారు. బలమైన ఎదుటిపక్షంతో ఒంటరిగా బేరానికి కూర్చుంటే ఏం దక్కుతుందో వాళ్ళకు బాగా తెలుసు.

మరి కోర్టుకు ఎందుకు పోలేదు? పోవడానికి కోర్టు లేదు. పొలం అమెరికాలో ఉంది. పరాయి దేశంలోని భూమికి జరిగిన నష్టం మీద దావాలు తాము వినబోమని 1893లో మొజాంబిక్ కేసులో ఇంగ్లండు ప్రభువుల సభ తేల్చిన సూత్రం అప్పుడు కెనడా కోర్టులకూ శిరోధార్యం. ఇటు వాషింగ్టన్ రాష్ట్ర కోర్టు చూద్దామంటే, సరిహద్దు అవతల ఉన్న కంపెనీ మీద దానికి అధికారం లేదు. నష్టం ఒకచోట, నష్టం చేసినవాడు ఇంకొకచోట, మధ్యన ఒక గీత. చట్టం ఇంత బాహాటంగా చేతులెత్తేసిన సందర్భాలు అరుదు. ఆ ఖాళీలో నుంచే ఆర్బిట్రేషన్ పుట్టింది.

రైతుల గోడు వాషింగ్టన్ నగరానికి చేరింది. ఒక దేశం తన పౌరుల ఫిర్యాదును తన ఫిర్యాదుగా తలకెత్తుకుంటే అది ఇక రెండు ప్రభుత్వాల తగాదా అవుతుంది. 1909 నాటి సరిహద్దు జలాల ఒప్పందం కింద ఏర్పడిన అంతర్జాతీయ ఉమ్మడి సంఘం అప్పటికే ఉంది. 1928 ఆగస్టులో విషయం ఆ సంఘం ముందు పెట్టారు. రెండున్నరేళ్ళ కొలతలు, విచారణల తర్వాత 1931 ఫిబ్రవరి 28న సంఘం ఏకగ్రీవంగా నివేదిక ఇచ్చింది: 1932 జనవరి 1 దాకా జరిగిన, జరగబోయే నష్టమంతటికీ 3,50,000 డాలర్లు చాలు, కంపెనీ గంధకం తగ్గించే యంత్రాలు పెట్టాలి.

ఇక్కడ ఆగి ఒక తేడా గమనించాలి. ఉమ్మడి సంఘం ఇచ్చింది సిఫారసు. సిఫారసును ఇష్టమైతే తీసుకోవచ్చు, లేకుంటే పక్కన పెట్టవచ్చు. రైతులు ఆ అంకె చూసి పెదవి విరిచారు. పొగ పూర్తిగా ఆగుతుందన్న హామీ కూడా నివేదికలో లేదు. అమెరికా ప్రభుత్వం నివేదికను స్వీకరించలేదు. 1933 ఫిబ్రవరిలో మళ్ళీ కెనడాకు లేఖ రాసింది, పొగ వస్తూనే ఉంది, నష్టం జరుగుతూనే ఉంది అని. సిఫారసుతో తేలని తగాదాకు ఇక తీర్పు కావాలి. అయితే ఆ తీర్పు ఇచ్చే అధికారం ఎవరికీ పుట్టుకతో రాలేదు. తగాదా పడ్డవాళ్ళే కూర్చుని దాన్ని తయారుచేయాలి.

పొలం గట్టు తగాదా ఊరి పెద్దమనుషుల్లో పెట్టేటప్పుడు మనవాళ్ళు ముందే కాగితం రాయిస్తారు: ఫలానా ముగ్గురు చెప్పినదానికి ఇద్దరం కట్టుబడతాం అని. ఆ కాగితమే లేకపోతే పెద్దమనుషుల మాటకు విలువ వాళ్ళ మీద ఉన్న గౌరవం మేరకే. ఆర్బిట్రేషన్‌లోనూ తీర్పరి అధికారమంతా ఆ కాగితంలోనే ఉంది. జడ్జి అధికారం రాజ్యం నుంచి వస్తుంది, ఆర్బిట్రేటర్ అధికారం ఇరుపక్షాల సంతకాల నుంచి వస్తుంది. అందుకని కాగితం ఎవరు రాశారు, అందులో ఏం అడిగారు, ఏం అడగలేదు అన్నవే తర్వాత జరిగేదాన్నంతా నిర్ణయిస్తాయి. ట్రైల్ కథ చదివిన ప్రతిసారీ నాకు బలపడే అభిప్రాయం ఇదొక్కటే.

ఆ కాగితం 1935 ఏప్రిల్ 15న ఒట్టావాలో తయారైంది. కెనడా తరఫున సంతకం పెట్టింది ప్రధాని ఆర్.బి. బెనెట్. ఈ సంతకంలోనే చరిత్ర ఉంది. 1903లో కెనడా తరఫున మాట్లాడింది బ్రిటన్. 1923లో హాలిబట్ చేపల ఒప్పందం మీద కెనడా మొదటిసారి తానొక్కతే సంతకం పెట్టింది. 1931లో వెస్ట్‌మినిస్టర్ శాసనం ఆ స్వతంత్రాన్ని చట్టబద్ధం చేసింది. 1935 నాటికి కెనడా తన తగాదా తానే నడుపుకుంటున్నది, అదీ ముద్దాయి స్థానంలో ఉండి. అదే ఏడాది జనవరిలో ‘ఐ యామ్ అలోన్’ అనే కెనడా ఓడ కేసులో కూడా తీర్పు వచ్చింది. మద్యం దొంగరవాణా చేస్తున్నదని 1929లో అమెరికా తీరరక్షక దళం ఆ ఓడను మెక్సికో సింధుశాఖలో ముంచేసింది. ముంచినందుకు అమెరికా క్షమాపణ చెప్పి, 25,000 డాలర్లు కట్టాలని ఇద్దరు న్యాయమూర్తులు చెప్పారు. ఒక కేసులో పుచ్చుకునే చెయ్యి, ఇంకో కేసులో ఇచ్చే చెయ్యి. పక్కపక్క దేశాల మధ్య ఆర్బిట్రేషన్ నిలబడడానికి ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంతో తోడ్పడింది.

ఒట్టావా ఒప్పందం 1931 నివేదికలోని 3,50,000 డాలర్లను కట్టేస్తామని ముందే ఒప్పుకుంది. 1932 జనవరి 1 తర్వాతి సంగతికి నాలుగు ప్రశ్నలు రాసింది. అప్పటి నుంచి నష్టం జరిగిందా, జరిగితే ఎంత కట్టాలి? ఇకముందు నష్టం చేయకుండా కొలిమిని ఆపాలా, ఆపితే ఎంతమేరకు? అందుకు ఏ నియమాలు, ఏ పద్ధతులు పెట్టాలి? ఈ జవాబుల వల్ల ఇంకేమైనా పరిహారం ఇవ్వాల్సి వస్తుందా? అంతే. కెనడా తప్పు చేసిందా అని నేరుగా అడగలేదు. నష్టం ఉంటే కడతామన్న మాట ఒప్పందంలోనే ఇమిడి ఉంది.

నాలుగో అధికరణ ఇంకా ముఖ్యం. అమెరికాలో ఇలాంటి తగాదాల్లో పాటించే చట్టాన్నీ ఆచారాన్నీ, అంతర్జాతీయ న్యాయాన్నీ రెంటినీ ట్రిబ్యునల్ వాడాలి, రెండు పక్షాలకూ న్యాయమైన పరిష్కారం చూడాలి అని రాశారు. ఎదుటి దేశపు చట్టంతో తనను తూచమని కెనడా ఎలా ఒప్పుకుంది? కెనడా తరఫున ఈ కేసు చూసిన న్యాయవేత్త జాన్ రీడ్, తర్వాత హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జి అయినాయన, చాలా ఏళ్ళ తర్వాత దీని మీద ఒక వ్యాసం రాశాడు. డెట్రాయిట్ ఫ్యాక్టరీల పొగ నది దాటి కెనడాలోని విండ్సర్ మీద పడుతున్న సంగతి రెండు ప్రభుత్వాల మనసులోనూ ఉంది. ఇవాళ ట్రైల్‌కు పెట్టిన కట్టడి రేపు డెట్రాయిట్‌కు వర్తిస్తుంది. మరీ కఠినమైన సూత్రం అమెరికాకే ఎదురుతిరుగుతుంది, మరీ మెత్తనిది కెనడాకు. ఇద్దరికీ ఒకే తూకం కావాలి. అమెరికా రాష్ట్రాల మధ్య పొగ తగాదాల్లో అక్కడి సుప్రీంకోర్టు అప్పటికే ఒక తూకం తయారుచేసి పెట్టింది కూడా.

తీర్పరుల ఎంపికలో అలాస్కా గుణపాఠం స్పష్టంగా కనబడుతుంది. ఈసారి సరిసంఖ్య లేదు. అమెరికా చార్లెస్ వారెన్‌ను, కెనడా క్విబెక్‌కు చెందిన న్యాయమూర్తి రాబర్ట్ గ్రీన్‌షీల్డ్స్‌ను పంపాయి. అధ్యక్షుడు బెల్జియంకు చెందిన యాన్ హోస్తీ. రెండు దేశాలతోనూ చుట్టరికం లేని మనిషి. వీరికి సాయంగా ఒక్కో ప్రభుత్వం ఒక్కో శాస్త్రవేత్తను ఇచ్చింది. స్టాన్‌ఫర్డ్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ స్వెయిన్ కెనడా ఎంపిక, లోహశాస్త్రం తెలిసిన ఆర్.ఎస్. డీన్ అమెరికా ఎంపిక. అమెరికా ప్రొఫెసర్‌ను కెనడా ఏరి కోరుకుంది! తన పక్షం వాడు కావాలని కాక, తెలిసినవాడు కావాలని కోరుకోవడం వల్ల ఎంత మేలు జరిగిందో తర్వాత జరిగిన పనిలో కనబడుతుంది.

ముగ్గురు తీర్పరులూ కాగితాల ముందు కూర్చుని తీర్పు రాయలేదు. లోయ అంతా తిరిగి పొలాలు, అడవులు చూశారు. వాషింగ్టన్, స్పోకేన్, ఒట్టావాల్లో సాక్ష్యం విన్నారు. సాక్ష్యం గుట్టలుగా పేరుకుంది. వాటిలో పెద్ద వాదం కంటికి కనబడని నష్టం గురించి. ఆకు మీద మచ్చ లేకపోయినా వాయువు మొక్క ఎదుగుదలను లోలోపల తినేస్తుందని అమెరికా శాస్త్రవేత్తలు అన్నారు. కెనడా జాతీయ పరిశోధన మండలి శాస్త్రవేత్తలు మొక్కలను గాజుపెట్టెల్లో పెట్టి, కొలిచిన మోతాదులో వాయువు పంపి, మచ్చ లేకుండా నష్టం రుజువు కావడంలేదని చూపించారు. దీనికి తోడు కరువు, చీడపీడలు, అడవి మంటలు, పాత గొడ్డలిపెట్లు అన్నీ కలగలిసి ఉన్నాయి. నార్త్‌పోర్ట్‌లోనే ఒకప్పుడు మరో కొలిమి నడిచి, 1921లో మూతపడింది. చచ్చిపోయిన ఏ చెట్టు ఏ పొగకు చచ్చింది?

1938 ఏప్రిల్ 16న ట్రిబ్యునల్ మొదటి తీర్పు ఇచ్చింది. అమెరికా అడిగింది వడ్డీతో కలిపి 20 లక్షల డాలర్లకు పైన. వచ్చింది 78,000 డాలర్లు. అందులో 62,000 సాగుభూములూ బీడుభూములకు, 16,000 కలప అడవికి. పశువుల నష్టానికి రుజువు లేదన్నారు. నార్త్‌పోర్ట్ పట్టణంలోని వ్యాపారాల నష్టం మరీ పరోక్షం అన్నారు. తన సార్వభౌమత్వానికి భంగం కలిగిందంటూ అమెరికా వేసిన పద్దును, కాగితంలో అడిగిన ప్రశ్నల్లో అది లేదు కనుక, పక్కన పెట్టారు. పరిశోధనకైన ఖర్చులూ ఇవ్వలేదు. అమెరికా ఆ చివరి విషయాన్ని తిరగదోడమని మళ్ళీ అడిగింది. 1941 తీర్పులో ట్రిబ్యునల్ దానికి దీర్ఘంగా జవాబిచ్చి కాదంది. ఒకసారి తేలినది తేలినట్టే, పైకి కనబడే ఘోరమైన పొరపాటు ఉంటే తప్ప తిరగదోడేది లేదని. ఇవాళ మన హైకోర్టుల్లో ఆర్బిట్రేషన్ తీర్పు (అవార్డు) మీద సవాలు వేసి, కేసంతా మళ్ళీ మొదటినుంచి వాదించబోయే వకీళ్ళకు జడ్జీలు చెప్పేదీ ఇంచుమించు ఇదే.

రైతుల దృష్టిలో 78,000 డాలర్లు చాలా తక్కువ. నాకూ తక్కువే అనిపిస్తుంది. నష్టానికి డబ్బు కట్టడం మాత్రం ఈ తీర్పులో చిన్న భాగం. ఇక పొగ ఎలా ఆపాలి అన్నదానికి ట్రిబ్యునల్ వెంటనే జవాబు చెప్పలేదు. మాకు ఇంకా తెలియదు, తెలుసుకుని చెబుతాం అని మూడు పంటకాలాల ప్రయోగం మొదలుపెట్టింది. తీర్పరులు తమకు తెలియనిది ఒప్పుకుని, తెలుసుకోవడానికి సమయమూ డబ్బూ కేటాయించడం నాకు ఈ కథలో అన్నిటికంటె నచ్చిన ఘట్టం.

ఆ ప్రయోగంలో తేలినదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. లోయ పొడవునా వాయువు కొలిచే యంత్రాలు పెట్టారు. పొగ ట్రైల్ నుంచి దక్షిణానికి నడుచుకుంటూ పోతుంది కదా, దగ్గరి యంత్రంలో ముందు, దూరపు యంత్రంలో తర్వాత కనబడాలి. వేసవి ఉదయాల్లో అలా జరగలేదు. పదుల మైళ్ళ దూరంలో ఉన్న యంత్రాలన్నీ పొద్దెక్కాక దాదాపు ఒకే సమయానికి పైకి ఎగిశాయి. ప్రయోగంలో పాల్గొన్న కెనడా వాతావరణ శాస్త్రవేత్త ఇ.డబ్ల్యు. హ్యూసన్ కారణం కనిపెట్టాడు. రాత్రి చల్లటి గాలి లోయ అడుగున కదలకుండా పరుచుకుంటుంది. పొగ దాని పైన ఒక పొరలా లోయ పొడవునా ప్రయాణిస్తుంది, కింద ఎవరికీ తెలియదు. పొద్దున్న ఎండకు నేల వేడెక్కగానే గాలి కిందికీ పైకీ కలబడి, పైనున్న పొగ అంతా ఒక్కసారిగా పొలాల మీదికి దిగుతుంది. అల్ఫాల్ఫా ఆకులు వెలుతురుకు రంధ్రాలు విప్పుకునే వేళ కూడా సరిగ్గా అదే. రైతు కళ్ళ ముందు జరుగుతున్నది ఇన్నేళ్ళకు బోధపడింది.

1941 మార్చి 11న తుది తీర్పు వచ్చేనాటికి ఐరోపా తగలబడుతోంది, అధ్యక్షుడు హోస్తీ సొంత దేశం జర్మనీ ఆక్రమణలో ఉంది. తీర్పులో ఒక వాక్యం తరతరాలు నిలిచింది. దాని సారం: ఏ దేశానికీ తన నేలను, అక్కడి నుంచి వెళ్ళే పొగ ఇంకో దేశపు నేలకూ ఆస్తికీ మనుషులకూ హాని చేసేలా వాడుకునే హక్కు గాని, వాడుకోనిచ్చే హక్కు గాని లేదు, హాని తీవ్రమైనదై ఉండాలి, స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో రుజువు కావాలి. ఈ మాట కోసం ట్రిబ్యునల్ ఒక దేశం ఇంకో దేశం మీద నడిపిన పొగ కేసు వెతికితే దొరకలేదు. టెనెసీ రాగి కొలిముల పొగకు జార్జియా అడవులు మాడిపోయిన కేసులో 1907లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు దొరికింది. స్విట్జర్లాండ్‌లో రెండు కాంటన్ల మధ్య తుపాకీ గురి మైదానం గురించిన తగాదా దొరికింది. ఇంటిలోపలి పొరుగు తగాదాల్లోని సూత్రాన్ని దేశాల మధ్యకు తెచ్చారు. ఒప్పందంలోని నాలుగో అధికరణ ఆ తలుపు తెరిచిపెట్టకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు.

ఆ తర్వాత కొలిమి ఎలా నడవాలో పేజీల కొద్దీ రాశారు. కొలంబియా గార్డెన్స్ దగ్గరి యంత్రం పంటకాలంలో వరుసగా రెండు 20 నిమిషాల గడువుల్లో, పది లక్షల భాగాల గాలిలో 0.3 భాగం లేదా అంతకుమించి వాయువు చూపించి, గాలి వాలు కూడా బాగోకపోతే, కంపెనీ గంటకు నాలుగు టన్నుల చొప్పున గంధకం తగ్గించాలి. గాలి కదలిక మరీ పేలవంగా ఉంటే మొత్తం ఆపేయాలి. వరుసగా మూడు గడువుల్లో అది 0.2కి దిగేదాకా మళ్ళీ పెంచరాదు. ఇంత చేసినా నష్టం జరిగితే మళ్ళీ పరిహారం కట్టాలి, ఆ నష్టం పరిశీలించడానికి అమెరికా పెట్టే ఖర్చు ఏడాదికి 7,500 డాలర్ల దాకా కూడా కట్టాలి. కోర్టు అయితే ఆపు అనో, డబ్బు కట్టు అనో అంటుంది. కొలిమి ఫోర్‌మన్ చేతిలో పెట్టుకుని చదువుకోగలిగిన తీర్పు రాసింది మాత్రం ఈ ముగ్గురే.

కంపెనీ అప్పటికే గంధకాన్ని పట్టి ఆమ్లం చేసి, ఆ ఆమ్లంతో ఎరువులు తయారుచేయడం మొదలుపెట్టింది. ‘ఎలిఫెంట్ బ్రాండ్’ పేరుతో ఆ ఎరువు కెనడా మైదానాల గోధుమ రైతులకు చేరింది. విశాఖలో హిందుస్థాన్ జింక్ కొలిమినీ, కోరమండల్ ఎరువుల ఫ్యాక్టరీనీ చూసినవారికి గంధకానికీ ఎరువుకూ ఉన్న ఈ లంకె కొత్తగా అనిపించదు. నార్త్‌పోర్ట్‌లో పంటను మాడ్చిన గంధకమే వందల మైళ్ళ అవతల పంటకు బలమైంది.

ట్రైల్ వాక్యం ఎక్కడెక్కడికో ప్రయాణించింది. 1972 స్టాక్‌హోమ్ ప్రకటన 21వ సూత్రంలో, 1992 రియో ప్రకటన రెండో సూత్రంలో దాని నీడ ఉంది. 2013లో కిషన్‌గంగ ప్రాజెక్టు మీద భారత్, పాకిస్తాన్‌ల మధ్య హేగ్‌లో కూర్చున్న ఆర్బిట్రేషన్ కోర్టు కూడా తన పాక్షిక తీర్పులో ట్రైల్‌ను తలచుకుంది. మన కృష్ణా, గోదావరి ట్రిబ్యునళ్ళ దారి వేరు. అవి 1956 నాటి అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం కింద కేంద్రం వేసినవి. వాటి ముందుకు రాకుండా ఉండే స్వేచ్ఛ రాష్ట్రాలకు లేదు. బచావత్ ట్రిబ్యునల్ తీర్పును కూడా మనం అవార్డు అనే పిలుచుకుంటాం గాని, దాని పునాది చట్టం, సమ్మతి కాదు.

సమ్మతి సంగతి వచ్చింది కాబట్టి ఇవాళ్టి కెనడాను ఒక్కసారి చూద్దాం. టొరంటోలో ఉబర్ నడిపే పిల్లల్లో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ యాప్‌లో ఒక్క నొక్కుతో ఒప్పుకున్న షరతుల్లో ఒకప్పుడు ఒక మెలిక ఉండేది. కంపెనీతో తగాదా వస్తే నెదర్లాండ్స్‌లో ఆర్బిట్రేషన్‌కు వెళ్ళాలి, ముందుగా సుమారు 14,500 అమెరికా డాలర్ల రుసుము కట్టాలి. అది డ్రైవర్ ఏడాది సంపాదనలో సింహభాగం. 2020 జూన్‌లో ఉబర్, హెల్లర్ కేసులో కెనడా సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదంది. ట్రైల్‌లో రెండు ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి మాట్లాడుకుని, పదం పదం తూచి సంతకం పెట్టాయి. ఇక్కడ ఒక పక్షం రాసింది, రెండో పక్షం చదవనైనా చదవలేదు. రెంటినీ ఆర్బిట్రేషన్ ఒప్పందమనే అంటారు. 1986లో ఐక్యరాజ్యసమితి నమూనా చట్టాన్ని కెనడా తెచ్చుకుంది, పదేళ్ళకు 1996లో అదే నమూనా మీద మన దేశమూ చట్టం చేసుకుంది. ఆ రెండు చట్టాల్లోనూ మూలం సమ్మతే. ఎవరి సమ్మతి, ఎలాంటి సమ్మతి అన్న ప్రశ్నను వచ్చే భాగంలో వివరంగా చూద్దాం.

ఒట్టావా కాగితంలో ఎవరి సంతకం లేదో చెప్పకుండా ట్రైల్ కథ ముగించలేను. రైతుల సంతకం లేదు. వాళ్ళ నష్టం వాళ్ళ ప్రభుత్వపు పద్దు అయిపోయింది, వచ్చిన డబ్బు ప్రభుత్వానికి వచ్చింది, తర్వాతే వాళ్ళకు పంచారు. ఆ నది మీద వేల ఏళ్ళుగా సాల్మన్ పట్టుకుని బతికిన ఆదివాసుల ఊసే లేదు. కాల్విల్ తెగల వారి రిజర్వేషన్ నదికి దిగువనే ఉన్నా, వాళ్ళను అడిగినవారు లేరు. ఇక నది. కొలిమి గాలిలోకి వాయువునే కాదు, నీటిలోకి లోహపు చిట్టెం కూడా వదిలేది. నల్లని ఇసుకలా ఉండే ఆ చిట్టెంలో సీసం, జింకు, రాగి, పాదరసం ఉంటాయి. 1941 తీర్పు గంటకు ఎంత గంధకం వదలాలో లెక్కగట్టింది గాని, నదికి ఎలాంటి కట్టడీ పెట్టలేదు. 1930 నుంచి 1995 దాకా దాదాపు కోటి టన్నుల చిట్టెం నదిలోకి పోయింది. నది దాన్ని సరిహద్దు దాటించింది. గ్రాండ్ కూలీ ఆనకట్ట వెనుక ఏర్పడిన రూజ్‌వెల్ట్ సరస్సు ఒడ్డున కొన్నిచోట్ల ఇసుకలో ఆ చిట్టెం కలిసిపోయింది.

2004లో కాల్విల్ తెగల నాయకుడు జోసెఫ్ పకూటాస్, మరొకరు అమెరికా ఫెడరల్ కోర్టులో కంపెనీ మీద దావా వేశారు. అప్పటికి దాని పేరు టెక్ కామిన్కో. ప్రభుత్వాలు మళ్ళీ ఒక కాగితం రాసుకుంటాయేమోనని వాళ్ళు కాచుకుని కూర్చోలేదు. కెనడా ప్రభుత్వం కోర్టుకు అభ్యంతరం తెలిపింది, దేశాల మధ్య విషయాన్ని దేశాలే తేల్చుకోవాలని. 2006లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దావా సాగవచ్చంది. చిట్టెం వచ్చి పడింది అమెరికాలో, కాలుష్యాన్ని శుభ్రం చేయించే అమెరికా చట్టం దానికి వర్తిస్తుందని. 2012లో కంపెనీ తానే చిట్టెం సంగతి కోర్టులో ఒప్పుకుంది, బాధ్యత తేలింది. తెగలవారు ఆ తర్వాత పొగగొట్టం నుంచి ఎగిరొచ్చి నేల మీద పడిన సీసం, ఆర్సెనిక్ సంగతి కూడా ఇందులో కలపమన్నారు. 2016లో అదే అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. గాలిలో వదిలినది ఆ చట్టం నిర్వచించిన పారవేత కిందికి రాదంది.